పాముతో తెలుగు మాట్లాడిన అక్క

డాక్టరక్క పోయింది. డ్యూటీకి రాలేదేమిటని హాస్పిటల్ నుంచి ఎవరో ఇంటికి వెళ్ళి తలుపు తట్టారట. ఎంతసేపటికీ తీయకపోతే పోలీసుల్ని పిలిచారట. నిద్రలోనే పోయిందన్నారు. ఫోన్‌లో ఈ సంగతి చెప్పిన నర్సు చివర్లో గొంతు తగ్గించి, ఇంట్లో పాము ఉన్న సంగతి మీకు తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. ఫోన్ పెట్టేశాక, దానికి నీళ్ళు ఎవరు మార్చారో అన్న ఆలోచన మొదట వచ్చింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. తెలిసినవాళ్ళకి 'పాముల డాక్టరమ్మ'గా తెలుసు. నిజానికి ఆవిడ ఆపరేషన్లప్పుడు మత్తిచ్చే డాక్టరు. ఉన్నది ఒక్క పామే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరడిగినా "ఆవేళ డ్యూటీ ఉంది" అనేది.

మేము మిషిగన్ వచ్చిన కొత్తలో, డెబ్భైల చివర, ఇక్కడి తెలుగు క్రైస్తవ కుటుంబాలు పట్టుమని పది లేవు. సొంత చర్చి లేదు. శనివారం సాయంత్రాలు వంతులవారీగా ఒక్కొక్కరి ఇంట్లో ప్రార్థన, ఆ తర్వాత భోజనాలు. వంతు ఆవిడ దాకా వచ్చేది, ఆవిడ ఇల్లు దాటి పక్కింటికి వెళ్ళిపోయేది. హాస్పిటల్లో పనిచేసే కుర్రాడొకడు టెక్సస్ వెళ్తూ, ఒక్క వారం చూడండని పాముని ఆవిడకి అప్పగించి మళ్ళీ కనపడలేదు. కొండచిలువల్లో చిన్నరకం అది. భయమేస్తే బంతిలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది, అంతే. అయినా ఆ రోజు నుంచి ఆవిడ తెచ్చిన కోడిపులుసుని కూడా ఎవరూ ముట్టుకునేవారు కాదు. గిన్నె ఎలా తెచ్చిందో అలాగే కార్‌లో పెట్టుకుని వెళ్ళిపోయేది.

ఒకసారి మా సంఘపెద్దగారు అందరి ముందూ అడిగేశారు. "ఏదెను తోటలో మన ఆదితల్లిని మాటలతో మోసం చేసినదాన్ని ఇంట్లో పెట్టుకున్నావేంటమ్మా?"

"ఆ పాము మాట్లాడిందండీ," అంది అక్క. "ఇది మాట్లాడదు. నాకదే కష్టంగా ఉంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాటలో ఉన్నదేమిటో నాకు ఆ చలికాలం తెలిసింది.

మావారు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు, పగలంతా నిద్ర. బయట మోకాలిలోతు స్నో. ఇంట్లో గట్టిగా మాట్లాడితే ఆయన లేస్తారని నోరు మూసుకుని కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక, రెండు వీధుల అవతలున్న అక్క ఇంటికి నడిచి వెళ్ళాను. తలుపు దగ్గరికి వెళ్ళేసరికి లోపల్నుంచి తెలుగు వినిపించింది. "ఉండవే, అయిపోయింది, ఇంకొక్కసారి తుడుస్తా." చుట్టాలొచ్చారేమో, తర్వాత వద్దామని వెనక్కి తిరిగాను కూడా. ఈలోగా ఆవిడ కిటికీలోంచి చూసి కేకేసింది. "అమ్మాయ్, డోర్ లాక్ చెయ్యలేదు, లోపలికి రా. వచ్చి దీని నడుం పట్టుకో. తల కాదు, నడుం."

నేను భయపడ్డానా? పడ్డాను. కానీ నాతో తెలుగులో ఒకరు పని చెప్పి ఎన్నాళ్ళయిందో. వెళ్ళి పట్టుకున్నాను.

దాని పొట్ట కాలిపోయి ఉంది. కొన్ని పొలుసులు గోధుమరంగుకి తిరిగాయి, కొన్నిచోట్ల బొబ్బలు. ఆవిడ చేతులారా చేసిన పనే అది. మనవాళ్ళకి చలంటే ఉన్న భయం తెలిసిందే కదా! అంత మంచు కురుస్తుంటే, తను డ్యూటీకి పోతే పాము వణికిపోతుందని, నడుంనొప్పికి వాడే హీటింగ్ ప్యాడ్‌ని గాజుపెట్టె కింద పెట్టి, హై మీద వదిలి వెళ్ళింది.

"పిల్లకి దుప్పటి కప్పినట్టు కప్పాననుకున్నాను," అంది. "కాలుతున్నా లేచిపోదమ్మాయ్ ఇది. వెచ్చగా ఉందనుకుని దానిమీదే పడుకుంటుంది. మనుషులూ కొందరంతే."

పసుపు పెడదామా, పోనీ కొబ్బరినూనె రాద్దామా అన్నాను. ఆవిడ తలెత్తి చూసింది. "పసుపు పూస్తే కింద ఎరుపు కనపడదు. గాయం కనపడుతూ ఉండాలి, అప్పుడే మానుతోందో లేదో తెలుస్తుంది."

పశువుల డాక్టరు చెప్పినట్టే చేసేది, సొంత వైద్యం లేదు. గోరువెచ్చటి నీళ్ళలో అయొడిన్ మందు చుక్కలు, పల్చటి టీ రంగు వచ్చేదాకా. దాంతో మెల్లగా తడపడం, మెత్తటి గుడ్డతో అద్దడం, పైన సన్నగా ఆయింట్‌మెంట్. బొబ్బ చిదమకూడదు. ఊడుతున్న తోలు లాగకూడదు. రంపంపొట్టు గాయానికి అంటుకుంటుందని తీసేసి, పెట్టెలో తెల్ల కాగితం పరిచి, తడవగానే మార్చేది. ఆ చలికాలమంతా నేను వెళ్ళి నడుం పట్టుకున్నాను, ఆవిడ తుడిచింది. తుడుస్తూ హాస్పిటల్ కబుర్లు, వాళ్ళమ్మ పెట్టే చేపలపులుసు, కాకినాడ ఉప్పుగాలి, అన్నీ చెప్పేది. సగం నాకు, సగం పాముకి.

"దానికి చెవులుండవు కదక్కా" అన్నానొకసారి.

"ఈ ఇంట్లో నా తెలుగు వినేది అదొక్కటే. చెవులు కూడా ఉండాలంటే ఎలాగమ్మాయ్?"

ఒకరోజు పొట్టంతా గులాబీరంగుకి తిరిగి ఉంటే, గాయం పాకిందని నేను గగ్గోలు పెట్టాను. ఆవిడ దాని కళ్ళు చూపించింది. పాలు కమ్మినట్టున్నాయి. కుబుసం విడిచే ముందు అలాగే ఉంటుందట. పెట్టె తడిగా ఉంటే వచ్చే నీటిపొక్కులు వేరు. బతికున్న ఎలుకని లోపల వదిలేస్తే అదే పాముని కొరుకుతుందట, ఆ గాట్లు వేరు. అన్నీ ఒకేలా ఎర్రగా ఉంటాయి, తొందరపడి పేరు పెట్టకు అనేది. కుబుసం విడిచిన ప్రతిసారీ మచ్చ కాస్త తగ్గింది.

ఆ వేసవిలోనే ఆవిడ హాల్లో గోడకి ఆనించి మడతకుర్చీలు కనపడ్డాయి. అన్నీ కొత్తవి, ప్లాస్టిక్ కవర్లతో ఉన్నాయి. ఎందుకక్కా అంటే, "సేల్‌లో ఉంటే కొన్నాను, ఎప్పటికైనా పనికొస్తాయి" అంది. నాకు అర్థమైంది. ఆ శనివారమే మా పెద్దగారితో, ఈసారి ప్రార్థన అక్క ఇంట్లో పెడదామన్నాను. చూద్దామమ్మా అన్నారు. స్నో పడ్డాక అడిగితే స్నో తగ్గనీ అన్నారు. స్నో తగ్గింది, మళ్ళీ పడింది. అలా ఏళ్ళు గడిచాయి. కవర్ల మీద పేరుకున్న దుమ్ముని ఆవిడ తుడుస్తూ ఉండేది.

అక్క సమాధి కార్యక్రమం అయ్యాక, ఆదరణ కూటం, అంటే పోయినవాళ్ళని తలుచుకుని చేసే ప్రార్థన, తమ ఇంట్లో పెట్టుకుందామన్నారు పెద్దగారు. "అక్క ఇంట్లో" అన్నాను నేను. నా మొహంలో ఏం చూశారో, ఆయన ఈసారి చూద్దామనలేదు.

అందరూ వచ్చారు. పెద్దగారి భార్య తనే వంగి కవర్లు చింపింది. పాము పెట్టె మీద దుప్పటి కప్పుదామని ఎవరో అంటే, పెద్దగారు వద్దన్నారు. పాటలు పాడారు, ఏడ్చారు, అక్క ఎంత మంచిదో చెప్పుకున్నారు. ఆ మంచి మాటలు వింటుంటే నాకు ఒళ్ళు మండింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

వాళ్ళంతా వెళ్ళాక ఇంట్లో నేనూ అదీ మిగిలాం. నీళ్ళు మారుద్దామని మూత తీశాను. పాము కుబుసం విడిచి ఉంది. ఎక్కడా చిరగకుండా, మేజోడు తిరగేసినట్టు వచ్చేసింది. వెలుతురుకి పట్టి చూస్తే, కాలినచోట పొలుసులు కాస్త వంకరగా ఉన్నాయి, అంతే. ఆవిడ ఉంటే ఎంత సంబరపడేదో. కుబుసాన్ని పక్కనపెట్టి, దాని నడుం పట్టుకుని పైకి తీశాను. అది నా మణికట్టు చుట్టుకుంది.

"వచ్చారే," అన్నాను దాంతో. "అందరూ వచ్చారు. కుర్చీలు చాల్లేదు."