పసుపు గుడ్డలో స్ప్రింగు

ప్రయాణంలో నా ఒళ్లో ఎప్పుడూ ఒక టిఫిన్ బ్యాగు ఉంటుంది. చూసినవాళ్లు అందులో పులిహోర ఉందనుకుంటారు. ఒకసారి కోడూరు దగ్గర టీ కొట్టులో ఒకామె అడిగింది కూడా, ఏం తెచ్చుకున్నారమ్మా అని. లోపలున్న డబ్బా మూత తీసి చూపించాను. ఒక కేబులు చుట్ట, నాలుగు క్లిప్పులు, పెడల్ కింద వేసే బుష్షులు, ఒక స్ప్రింగు. ఆమె నా మొహం చూసి, తన టీ గ్లాసుతో పక్క బెంచీ మీదికి జరిగింది.

అది మా ఆయన రేసు కారుకు థ్రాటిల్ సామాను, స్పేరు. ఆయన మోసేది హెల్మెట్టు ఒకటే. మిగిలిందంతా మోసేది నేను.

మాకు బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. నేను బద్వేలులో అంగడి పెట్టుకున్న ఇంట్లో పుట్టి ఇక్కడికి కోడలుగా వచ్చాను. వచ్చిన కొత్తలో ఈ తెల్లదుమ్ము చూసి ఏడుపొచ్చేది. అన్నంలో దుమ్ము, తలగడలో దుమ్ము, మడిచి బీరువాలో పెట్టిన పట్టుచీరలో దుమ్ము. ఇప్పుడు దుమ్ముకు అలవాటు పడ్డాను, కారుకు పడలేదు. ఎవరో వదిలించుకున్న పాత చిన్న కారు అది. సీట్లు పీకేసి, లోపల ఇనుప పైపులు వెల్డింగ్ చేయించి, ఇంజనుకు ఇంకేదో పెద్ద కారు థ్రాటిల్ బిగించాడు. వెర్రి వెయ్యి విధాలంటారు. ఆ వెయ్యిలో ఇది ఎన్నోదో నాకు తెలియదు.

థ్రాటిల్ అంటే పెద్ద విషయమేమీ కాదు. ఇంజనులోకి గాలి పోయే దారికి అడ్డంగా ఉండే చిన్న రేకు తలుపు. కాలితో తొక్కితే కేబులు లాగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. కాలు తీస్తే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. కేబులు తెగితే కారు నిలిచిపోతుంది, అది నాకు సంతోషమే. స్ప్రింగు విరిగితే మాత్రం తలుపు తెరుచుకునే ఉంటుంది, కాలు తీసినా కారు ఉరుకుతూనే ఉంటుంది. బ్రేకు ఉంది కదా అంటాడు మా ఆయన. ఉంది. పోయినేడు కూడా ఉండింది. అయినా ట్రాకు అంచున అడ్డంగా పేర్చిన టైర్ల గోడకు పోయి గుద్దుకొని, చెయ్యి మెడకు వేలాడేసుకొని ఇంటికొచ్చాడు.

అప్పటినుంచి స్ప్రింగు స్పేరు లేకుండా నేను గడప దాటనివ్వను. థ్రాటిల్ ఒక కారుది, కేబులు ఇంకొక కారుది కాబట్టి ఆ స్ప్రింగు ఏ అంగట్లోనూ దొరకదు. కర్నూలులో స్ప్రింగులు చుట్టే భాయ్ ఒకాయన ఉన్నాడు, ఆయన దగ్గర కూర్చుని చుట్టించుకోవాలి. నేనే పోయాను. మా ఆయనకు ఆ రోజు లోడింగ్ ఉండిందట. ఆయనకు రేసు లేని రోజుల్లోనే లోడింగ్ ఉంటుంది.

మా అత్త ఆ చెయ్యి విరిగిన కొడుకుకు మూడు పూటలా అన్నం కలిపి పెట్టింది. ఒక్క మాట అనలేదు. మామ పోయాక ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చునేది ఆమే. లారీ డ్రైవర్లు ఆమెను చూస్తే బీడీ ఆర్పేస్తారు. అంత గట్టి మనిషికి కొడుకు ముందు మాత్రం నోరు పెగలదు. ఒక సాయంత్రం నేను బ్యాగు సర్దుతుంటే పక్కన వచ్చి కూర్చుంది.

"ఇదేం చేస్తాదే?" అని స్ప్రింగును చేతిలోకి తీసుకుంది.

"కాలు తీస్తే కారును ఆపేది ఇదేనత్తా" అన్నాను.

"ఆపేది ఇదేనా" అంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా మళ్లీ డబ్బాలో పెట్టింది. నేను వంటింట్లోకి పోయాను.

మరుసటి రోజు రేసుకు బయలుదేరాం. చెన్నైకి ఎట్లాగూ బండల లోడు పోతుంది కాబట్టి, లారీలో ముందువైపు సగం బండలు, వెనక ఆ కారు, తాళ్లతో కట్టేసి. మేము క్యాబిన్‌లో డ్రైవరు పక్కన. కడప దాటే సరికి వడగాలి మొహానికి కొడుతోంది. సీటు కింద పెడితే బండల దుమ్ము చేరుతుందని బ్యాగు ఒళ్లో పెట్టుకున్నాను. రాజంపేట వచ్చేసరికి తొడలు తిమ్మిరెక్కాయి. మా ఆయన నా భుజం మీద తల పెట్టి హాయిగా నిద్రపోయాడు. కాపురమంటే ఎవరో ఒకరు మేలుకొని ఉండటమని మా అమ్మ అనేది. ఆ ఎవరో ఒకరు ప్రతిసారీ నేనే అవుతానని మాత్రం చెప్పలేదు.

ట్రాకు చెన్నైకి అవతల. పొద్దున తనిఖీ చేసేవాళ్లు వచ్చి పెడల్ తొక్కి, వదిలి, బాగుందని చీటీ అంటించి పోయారు. తర్వాత మా ఆయన రేసుకు ముందు ప్రాక్టీసు తిరగడానికి పోయాడు. నేను రేకుల షెడ్డు కింద బక్కెట తిరగేసి కూర్చున్నాను. మా కారు శబ్దం నాకు తెలుసు. మలుపు దగ్గర తగ్గాల్సిన శబ్దం తగ్గలేదు. లేచి నిలబడ్డాను. ఇంజను ఆపేసి, ఉన్న ఊపుతోనే ఎట్లాగో షెడ్డు దాకా దొర్లించుకొచ్చాడు. చెమట కారుతోంది, అయినా నవ్వుతున్నాడు.

"స్ప్రింగు ఇరిగింది. స్పేరుది ఇయ్యి" అన్నాడు.

బ్యాగు తెరిచాను. కేబులుంది, క్లిప్పులున్నాయి, బుష్షులున్నాయి. స్ప్రింగు ఉండాల్సిన చోట పసుపు గుడ్డ మూట ఒకటి, మూడు ముళ్లు వేసి ఉంది. పట్టుకుంటే లోపల రూపాయి బిళ్ల, దాని పక్కన చుట్లు చుట్లుగా గట్టిగా ఇంకొకటి తగిలాయి. విప్పక్కర లేకుండానే అర్థమైంది. ముడుపు. మొక్కు తీరేదాకా విప్పకూడదు, స్వామి సన్నిధిలో తప్ప విప్పకూడదు.

"యాడ పెట్టినావు?" అన్నాడు.

"చూస్తాండా" అన్నాను, ముడుపు గుప్పిట్లో దాచుకొని.

"దొరక్కపోతే పోనీలే. ట్యూబు ముక్క కోసి కట్టుకుంటా. ఒక రేసుకు ఆగుతాది" అని పక్క షెడ్డులో పాత సైకిల్ ట్యూబు కోసం పోయాడు.

రబ్బరు. మరుగుతున్న ఇంజను పక్కన రబ్బరు ముక్క. తనిఖీవాళ్లకు చెప్పేద్దామని రెండడుగులు వేశాను కూడా. చెప్తే ఈ రోజు ఆపుతారు. వచ్చేసారి ఆయన నన్ను తీసుకురాడు, ఒక్కడే వస్తాడు, ఏది కట్టుకొని తిరిగినా అడిగే దిక్కుండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. లారీ చాటుకు పోయి అత్తకు ఫోన్ చేశాను.

"అత్తా, స్ప్రింగును ముడుపు కట్టినావా?"

ఫోన్లో, ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీ రివర్సు తీసుకుంటున్న శబ్దం వినపడింది.

"కట్టినా" అంది. "ఆపేది అదేనంటివి గదా. వాణ్ని కూడా ఆపమని మద్దిలేటి స్వామికి కట్టినా. వాడు ఆ కారు ఇడిచిపెడితే కొండకొచ్చి విప్పుతానని. వానితోనే ఉండనీలే అని బ్యాగులో పెట్టినా."

నేను చెప్పాను, ఉన్న స్ప్రింగు విరిగిందని, ఈయన రబ్బరు ముక్క కట్టుకొని పోతానంటున్నాడని. ఆమె మీద కోపం రాలేదు. ఆ పని నాకెందుకు తోచలేదా అని మాత్రం అనిపించింది.

"అది లేకపోయినా పోతాడా?" అంది.

"పోతాడత్తా."

"నువ్వు చెప్పినా?"

"చెప్పినా పోతాడు."

ఆమె మళ్లీ మాట్లాడేసరికి గొంతు మారిపోయింది, ఎవరో అలసిపోయిన ముసలామె మాట్లాడుతున్నట్టుంది. "విప్పు" అంది. "స్వామికి నేను చెప్పుకుంటా. నీకేం పాపం లేదు. విప్పి ఇయ్యి వానికి."

మూడు ముళ్లూ బిగదీసి వేసింది. గోళ్లతో రాలేదు, పంటితో విప్పాను. నాలుకకు పసుపు తగిలింది. లారీ చక్రం పక్కన నిలబడి ఏడ్చాను, ఎవరూ చూడలేదు. తర్వాత స్ప్రింగుకు అంటిన పసుపును కొంగుతో తుడిచి ఇచ్చాను. మా ఆయన దాన్ని బిగించి, పెడల్ తొక్కి వదిలి, "శానా బాగుండాది" అన్నాడు. రేసులో చివరినుంచి రెండోవాడుగా వచ్చాడు. దానికే పక్క షెడ్డు వాళ్లంతా భుజం తట్టారు.

తిరుగు దారిలో రేణిగుంట దాటాక చెప్పాను. ఆ స్ప్రింగు ఎందులోనుంచి వచ్చిందో, మీ అమ్మ ఏమని కట్టిందో, ఏమని విప్పమందో, అంతా. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. ఆ మౌనం చూసి నాకు ఆశ పుట్టింది, అబద్ధం చెప్పను. ఇన్నేళ్లలో మొదటిసారి ఈ మనిషికి మా మాట వినపడిందనుకున్నాను.

"అయితే ఇప్పుడు స్పేరు లేదు గదా" అన్నాడు.

లేదన్నాను.

ఆ మరుసటి వారం కర్నూలుకు బయలుదేరాను, కొత్త స్ప్రింగు చుట్టించడానికి. గేటు దగ్గర అత్త కుర్చీలో కూర్చుని ఉంది. యాడికి పోతాండావని అడగలేదు, ఆమెకు తెలుసు. బస్సుకు టైమవుతోందని నేను దాటిపోతుంటే వెనకనుంచి పిలిచింది.

"రెండు చుట్టించుకొని రా. ఒగటి పోయినా ఇంగొకటి ఉంటాది."

ఆగి ఆమె వైపు చూశాను. నేను అడగకముందే తల దించుకొని తనే అంది.

"ముడుపుకు గాదులే."