ఆరో సున్నా

ఓడిల్ ఇంట్లో పాముపిల్లలకు పేర్లుండవు, అంకెలే. మేడమీది వెనక గదిలో గుడ్డు చీల్చుకుని వచ్చిన ప్రతి కొండచిలువ పిల్లకూ ఒక ప్లాస్టిక్ సొరుగు, సొరుగు ముందు ఒక అట్టముక్క. ఆదివారం పొద్దున ఓడిల్ ఫ్రిజ్‌లో గడ్డకట్టిన చచ్చిన ఎలుకపిల్లను గోరువెచ్చని నీళ్ళలో మెత్తబరిచి పట్టకారుతో చూపిస్తుంది. తింటే అట్ట మీద టిక్కు. తినకపోతే సున్నా. వరసగా ఐదు సున్నాలు పడితే ఆ పిల్లను గుడ్డసంచిలో వేసి, మూతి కట్టి, కింద డీప్‌ఫ్రిజ్‌లో బఠాణీల పక్కన పడుకోబెడుతుంది. బెల్జియంలోని గెంక్ ఊరి చుట్టుపక్కల పాములు పెంచేవాళ్ళు ఆమె అట్టను చూసి, పామును చూడకుండానే పట్టుకుపోతారు. పందొమ్మిదేళ్ళుగా ఆమె రాసిన గీత తప్పు కాలేదు.

అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వడ్డించింది. ఎవరు పళ్ళెంలో వదిలేశారో గుర్తుపెట్టుకునేది. మర్నాడు వాళ్ళకు గరిటె సగమే పడేది.

నిజానికి మొదటి జంటను ఇంటికి తెచ్చింది ఆమె భర్త హుబేర్. పనిచేసే బొగ్గుగని మూతపడి, పెంచుకున్న పావురాలు జబ్బుచేసి చచ్చిపోయాక, చేతులు ఊరికే ఉండలేక తెచ్చాడు. ఏడాది తిరక్కుండానే గది ఆమెదైంది. అతనికి నీళ్ళగిన్నెలు కడిగే పని మిగిలింది. ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడి. నాలుగు మెట్లెక్కితే ఆగాలి.

ఆ వేసవిలో ఏడో నంబరు పిల్లకు మూడు సున్నాలు పడ్డాక ఓడిల్ మోకాలి ఆపరేషన్‌కు రెండు వారాలు ఆస్పత్రిలో ఉంది. తిరిగొచ్చేసరికి అట్ట మీద రెండు టిక్కులున్నాయి. ఆమె వంటింటి తక్కెడ మీద పిల్లను తూచింది, సొరుగు అడుగున పరిచిన కాగితాన్ని తిరగేసి చూసింది. ఆదివారం ఏడో నంబరుకు ఎలుకను చూపించకుండా, చెల్లెలు ఇవెట్ వచ్చేదాకా ఆగింది. చెర్రీ టార్ట్ కోస్తూ మొదలుపెట్టింది.

"నేను లేనప్పుడు ఏడో నంబరు రెండుసార్లు తిన్నదటే."

"మంచిదేగా అక్కా."

"మంచిదే. తిన్నది మాత్రం బయటికి రాలేదు. పైగా మూడు గ్రాములు తగ్గింది."

"బావకీ అంతేగా, బయటికొచ్చేది వారానికోసారి!" అని ఇవెట్ పకపకా నవ్వింది.

హుబేర్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది.

"ఎలుకల్ని ఏం చేశావయ్యా?" అంది ఓడిల్.

"గులాబీ మొదట్లో పాతిపెట్టాను."

"ప్రార్థన కూడా చేశావా?" ఇవెట్ కళ్ళు తుడుచుకుంది.

"ఓడిల్, వచ్చే ఆదివారం దాకా ఆగు. పోలెకెకు నేను తినిపిస్తాను."

"పేరు కూడా పెట్టాడే!" ఓడిల్ చెల్లెలితో అని, భర్త వైపు తిరిగింది. "నీ పావురాలు పోయాయి, నీ గని పోయింది. ఇక ఇదొక్కటే మిగిలింది నీ చేతిలో పోవడానికి. సరే, ఆదివారం దాకా. నీకూ తెలుస్తుంది నీ చేతి మహిమ."

వారమంతా హుబేర్ ఆ గదిలోనే ఉన్నాడు. సొరుగు చుట్టూ తువ్వాలు చుట్టి చీకటి చేశాడు. చిన్న పూలకుండీని బోర్లించి పిల్లను దానికింద దూరనిచ్చాడు. ఓడిల్ జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో ఎలుక తలను వెచ్చబెట్టాడు. ఆదివారం ఆమె కాఫీ పోస్తుండగా పైనుంచి దగ్గుతూ కేక పెట్టాడు.

"తిన్నది! తనంతట తనే పట్టుకుంది, ఓడిల్!"

ఆమె కర్ర పట్టుకుని మెట్లెక్కింది. సొరుగు లాగింది. పిల్ల నడుం దగ్గర ఉబ్బు. కాగితం నలిగి ఒక మూలకు చేరింది, గిన్నె ఒలికింది, ఎలుక వెంట్రుకలు అక్కడక్కడా అంటుకున్నాయి. ఎలుకను బలవంతంగా నోట్లో కుక్కితే పిల్ల ఇలా ఉండదు. పెదవి చిట్లి, సాగిలబడి ఉంటుంది. ఇది ఎలుకను పట్టి, చుట్టేసి, తనే మింగింది. చూసిన క్షణంలోనే ఆమెకు తెలిసిపోయింది. తను మూడుసార్లు చూపించినా తలతిప్పుకున్న పిల్ల. వెనకనుంచి హుబేర్ ఊపిరి గరగరా వినిపిస్తోంది. అతను నవ్వుతున్నాడని తిరక్కుండానే గ్రహించింది.

"పట్టకారుతో తోశావు."

"లేదు! కాగితం చూడు, ఆ వెంట్రుకలు చూడు."

"నీ టిక్కులు చూశానుగా."

"అవి అబద్ధాలే, ఒప్పుకున్నాను. ఇది నిజం."

"రాసే చెయ్యి ఒకటే."

పిల్లను ఎత్తుకుంది. అది ఆమె అరచేతిలో తలను మధ్యన దాచుకుని ఉండలా చుట్టుకుంది, ఇంకా వెచ్చగా ఉంది. ఆమె దాన్ని గుడ్డసంచిలో వేసి మూతి బిగించింది. మోకాలి నొప్పితో ఒక్కో మెట్టూ దిగుతుంటే కూడా హుబేర్ ఆమెను అందుకోలేకపోయాడు. నాలుగో మెట్టు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు. కింద డీప్‌ఫ్రిజ్ మూత పడిన చప్పుడు విన్నాడు.

ఆమె మళ్ళీ పైకొచ్చింది. అతని రెండు టిక్కులను కొట్టేసి రెండు సున్నాలు చుట్టింది. పెన్ను కాసేపు ఆగింది. తర్వాత ఆరో సున్నా చుట్టింది.

ఆమె వెనకే మెట్లెక్కి వచ్చిన హుబేర్ గుమ్మంలోంచి అన్నాడు: "అది తిన్నదని నీకు తెలుసు."

"తెలుసు," అంది ఓడిల్. "కాఫీ చల్లారిపోతోంది, దిగు."

అతను దిగలేదు. ఏడో నంబరు సొరుగులోంచి ఒలికిన గిన్నెను తీసుకుని, కుళాయి కింద పెట్టి, కడగడం మొదలుపెట్టాడు.