కొమ్ము విరిచిన పాపం

దుప్పి కొమ్ము నేనే విరగ్గొట్టానని ఏడాదిపాటు నమ్మిన, కొమ్ములు తిరిగిన తెలివితక్కువవాణ్ణి నేను. నయా రాయపూర్‌లో రోడ్డు మధ్య డివైడర్ మీద గడ్డి కోస్తుంటే, ఆ పచ్చివాసనకి ఇప్పటికీ నా చేతులు దురద పెడతాయి.

మా మావయ్య ఊరి బయట అటవీశాఖ వాళ్లు కంచె వేసి దుప్పుల్ని ఉంచిన ఎన్‌క్లోజర్‌లో కాపలాదారు. ముళ్లకంప కొట్టేసి అక్కడ గడ్డి పెంచేవాడు. మేత బాగుంటేనే కొమ్ములు బలంగా వస్తాయనేవాడు. చిన్నప్పుడు ఒక దసరా సెలవులకి రాయపూర్‌లో మా పేట గుఢియారీ నుంచి ఆయన దగ్గరికి వెళ్లాను. ముసలి మగదుప్పిని తినమని జామకాయ విసిరితే కొమ్ముకి తగిలింది. మర్నాడు ఆ కొమ్ము నేలమీద ఉంది.

"సాహెబ్‌కి ఏం చెప్పాలిరా?" అన్నాడు మావయ్య, మొహం వేలాడేసి.

"మళ్లీ మొలవదా మావయ్యా?"

"నువ్వు రోజూ గడ్డి కోసి వేస్తే మొలుస్తుందేమో."

నాలుగో రోజు రెండోదీ రాలింది. జత పోయిన బెంగతోనే అన్నాడు మావయ్య. సెలవులన్నీ గడ్డి కోశాను. ఆయన చెట్టుకింద బీడీ కాల్చుకున్నాడు. వచ్చేసే రోజుకి దుప్పి తలమీద బుడిపె లేస్తే, నేనే మొలిపించానని బడిలో చెప్పుకున్నాను.

మరుసటి దసరాకి, నేనింకా ఏమీ విసరకముందే, అదే దుప్పి కొమ్ము గడ్డిలో నా కంటపడింది. అవి ఏటా రాలేవేనని మేత తెచ్చే తాత చెప్పాడు. రాలిన కొమ్ముల్ని ఆఫీసులో అప్పజెప్పాలని కూడా చెప్పాడు. దాన్ని తీసి మేత గది వెనక దాచాను.

దుప్పికి ఒక కొమ్ము లేకపోవడం చూసి మావయ్య రెండ్రోజులు వెతికాడు. "నువ్వేమైనా చూశావురా?"

"గడ్డంతా కోసి చూడు మావయ్యా, కనిపిస్తుందేమో," అని చెట్టుకింద కూర్చున్నాను.