"నాకు కనపడలేదు" అని రాయమన్న పెదనాయన

ఆ రోజు ఉదయం మెట్ల కింద పెదనాయన చెప్పులు లేవు. నేను షాపుకు వచ్చేసరికి అవి ఎప్పుడూ అక్కడ ఉంటాయి, గోడ వైపు తిరిగి, ఎడమది కాస్త ఎక్కువ అరిగి. ఎందుకు లేవా అని చూస్తుండగానే ఎదురింటావిడ వరండాలోంచి కేకేసింది. "పైకి పోవద్దు పాపా. ఇంటికి పో. ఇప్పుడే ఫోనొచ్చింది, మీ పెదనాయన పోయినాడంట."

ఆయన మాకు చుట్టం కాదు. నటేశన్ నగర్‌లో మా పక్క ఇల్లు. ఈ తమిళ ఊళ్లో వాళ్లూ మేమూ ఇంట్లో తెలుగు మాట్లాడతాం కాబట్టి నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆయన పెదనాయన, ఆయన భార్య పెద్దమ్మ. భూమి కొలిచే మిషన్లు బాగుచేయడం ఆయన వృత్తి. ఇందిరా నగర్‌లో ఒక మేడ మీద గది, దాని పైన డాబా, అదే షాపు.

బి.ఎస్సీ. ఫిజిక్స్ అయ్యాక నేను ఏడాదిపాటు పుస్తకాలు పట్టుకుని ఇంట్లోనే ఉన్నాను. ఇంటర్వ్యూ అంటే గొంతు పెగిలేది కాదు. కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన నిశ్శబ్దం నాకు అవసరానికి మించి అబ్బింది. అమ్మ దిగులు పడుతుంటే ఆయన అన్నారు: "మాట్లాడకపోతే ఏంది మా? నా షాపులో మిషన్లు మాత్రం మాట్లాడతా ఉండాయా? పంపించు."

ఇప్పటి సర్వే మిషనుకు మనిషి కన్ను ఆనించి చూడాల్సిన పని లేదు. స్టాండు మీద నిలబెడితే చాలు. సర్వేయరు చేతిలోని కర్ర కొసన గాజు ప్రిజం ఉంటుంది. అతను ఎటు నడిస్తే అటు మిషను తనంతట తానే తల తిప్పుతుంది. ఒక ఆదివారం పొద్దున ఆయన నాకు కర్ర ఇచ్చి ఫ్రెంచివాళ్ల కాలం నాటి వైట్ టౌన్ వీధిలో నడిపించారు. పది అడుగులు బాగానే వచ్చిన మిషను నన్ను వదిలేసి, సైకిలు మీద పోతున్న ఒకావిడ వెంట తిరిగింది. సైకిలు వెనక మెరిసే ఎర్ర బిళ్ల ఉంది. నేను సిగ్గుతో రోడ్డు మధ్య నిలబడిపోయాను. "దానికీ ఊరు చూడాలని ఉండాది, పోనీ" అన్నారాయన.

కానీ అలాంటి తప్పులు సులువు. కారణం కంటికి కనిపిస్తుంది. ఆయన దగ్గరికి ఎక్కువగా వచ్చేవి వచ్చిపోయే జబ్బులు. సైటులో నాలుగుసార్లు ఆగిపోయిన మిషను షాపు బల్ల మీద రోజంతా బంగారంలా పనిచేస్తుంది. "అది సిగ్గుది పాపా, నీ మాదిరే. తొందర పెడితే రాదు. పక్కన సుమ్మా కూసో. అదే వస్తాది." ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు. వస్తుందా, రాదా, నేను నీళ్లు తాగడానికి లేచినప్పుడు వచ్చి పోయిందా అని కాళ్లు నిలిచేవి కావు.

అందుకే ఒక నోటుబుక్కు ఉండేది. మిషను ఆగిన గంట, ఎండ, గాలి, కర్ర ఎవరి చేతిలో ఉంది, ఆగడానికి ముందు ఎవరు ఏం ముట్టుకున్నారు, అన్నీ అందులో రాయాలి. ఆయనకు తెలుగు చదవడం రాదు, మా ఇళ్లలో చాలామందికి రాదు. నేను అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. నోటుబుక్కు మాత్రం ఇద్దరికీ పనికొచ్చేలా ఇంగ్లీషులో నడిచేది. ఒక మాట అందులో ఉండకూడదు: జబ్బు లేదు అని. "లేదని చెప్పడానికి మనం ఎవరు? నాకు కనపడలేదు అని రాయి. కింద నీ పేరు రాయి."

ఈ వేసవిలో ఒక సర్వేయరు మిషను వచ్చింది. ప్రిజం వెంట తిరుగుతూ తిరుగుతూ ఉన్నట్టుండి ఆరిపోతుంది. మళ్లీ వెలిగించి, మొదటి రాయి నుంచి మళ్లీ లెక్క పట్టాలి. లేఅవుట్ రాళ్లు నాటే పని అతనిది, ఒక్క రాయి తప్పితే ఒకరి గోడ ఇంకొకరి స్థలంలో లేస్తుంది. నేను రెండు రోజులు చూశాను. ఒక్కసారి కూడా ఆరలేదు. "నాకు కనపడలేదు" అని రాసి పంపాను. మూడో రోజుకే తిరిగొచ్చింది.

"ఏందన్నా, మీ పాపను చూస్తే నా మిషను బుద్ధిగా ఉండాది. నన్ను చూస్తే మూర్ఛ పోతాది" అన్నాడు సర్వేయరు.

"నీ మొహం నేను రిపేరు చేయలేను రా" అన్నారు పెదనాయన. అని నా వైపు తిరిగి, "బ్యాటరీ ఎవరిది ఏసినావు?"

షాపుదే వేశాను. అప్పుడే ఛార్జి చేసింది, కొత్తది. అతని బ్యాటరీలు పెట్టెలోంచి తీయనేలేదు.

ఆయన కోప్పడలేదు. "కుంటుకుంటా వచ్చినోణ్ణి చూసేటప్పుడు వాని చెప్పులు కూడా చూడాల పాపా" అన్నారు అంతే.

ఆ తర్వాత మూడు రోజులు అతని స్టాండు, అతని కర్ర, అతని బ్యాటరీతోనే, అతను పనిచేసే ఎండలోనే, డాబా మీద పరీక్ష. నేను కర్ర పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేదాన్ని. మిషను నా వెంట తిరిగేది. స్టాండు మోసుకుని పైకీ కిందికీ ఎక్కి దిగింది ఆయనే, నేను మోస్తానన్నా ఇవ్వలేదు. ఒకసారి మెట్ల మధ్యలో ఆగి, గోడకు చెయ్యి ఆనించి, గోడ మీద ఏదో చదువుతున్నట్టు నిలబడ్డారు.

"ఏంది పెదనాయనా?"

"ఏం లేదు పాపా. స్టాండు బరువు."

ఏం లేదు అన్నారు. ఆ మాట నాకు అప్పుడే గుచ్చుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం మిషను ఆరింది. వేడికి బ్యాటరీ కాస్త ఉబ్బి, దాని మూత పూర్తిగా పడటం లేదు. తల వేగంగా తిరిగినప్పుడు లోపల వెంట్రుకవాసి కదిలి, కరెంటు తెగుతోంది. చల్లటి గదిలో, మంచి బ్యాటరీతో అది ఎన్నటికీ కనపడదు. సర్వేయరు ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆయన మాత్రం నన్ను చూపించి, "నడిచింది ఆ పాప" అన్నారు.

కొన్నాళ్లకు పెద్దమ్మ పోరు పడలేక ఆయన ఆసుపత్రికి వెళ్లారు. చల్లటి గదిలో గంటసేపు కూర్చోబెట్టి, మంచం మీద పడుకోబెట్టి గుండెకు పరీక్ష చేశారు. అంతా సరిగ్గానే ఉందని కాగితం వచ్చింది. ఇంటికొచ్చి ఆ కాగితం పెద్దమ్మ ముందు ఊపారు. "చూస్తివా? ఏమీ కనపడలేదంట." పెద్దమ్మ నవ్వింది. దేవుడి పటం ముందు దీపం పెట్టింది.

నెల తిరక్కుండానే పోయారు. ఆ పొద్దున నేను షాపుకు బయల్దేరిన కాసేపటికే, నీళ్ల బిందె ఎత్తి ఇంటి మెట్లెక్కుతూ పడిపోయారని పెద్దమ్మ చెప్పింది.

షాపు ఇప్పుడు నేను తెరుస్తున్నాను. బల్ల మీద ఇంకో మిషను ఉంది, వచ్చిపోయేదే. దాని పక్కన కూర్చుంటాను, లేస్తాను, మెట్ల దాకా వెళ్లి వస్తాను. నోటుబుక్కు తిరగేస్తే ఆ సర్వేయరు మిషను పేజీ దగ్గరే చెయ్యి ఆగుతుంది. ఆ పేజీ అడుగున ఒక్క వరుస తెలుగులో ఉంది, నేను రాసిందే. "పదకొండు ఇరవై. ఎండ. భుజాన స్టాండు. మెట్ల మధ్య ఆగారు. ఇది మూడోసారి."

ఆసుపత్రికి ఆయనకు తోడు వెళ్లింది నేను. "ఇంకేమైనా చెప్పాలా?" అని డాక్టరు అడిగితే ఆయన లేదని తల ఊపారు. నేను పక్క కుర్చీలో ఉన్నాను. నోటుబుక్కు నా సంచిలో ఉంది.