చెయ్యెత్తని వాడ

ఈదమ్మ ఎవరినీ తొందరగా నమ్మే మనిషి కాదు. పక్కింటివాళ్ళు గిన్నెడు కూర పంపినా మూత తీసి, వాసన చూసి, "ఇయ్యాల నాతోని ఏం పని వడ్డది?" అని అడిగితేగానీ పుచ్చుకునేది కాదు. రామన్నపేటకు అవతల, గుట్టల నడుమనున్న ఊళ్ళో మాదిగవాడ చివరి గుడిసె ఆమెది. గుడిసె వెనకే ఎర్రచెలక, వానకు పండే మెట్టభూమి. తాతల నాడు అది వాడవాళ్ళదే. దొర కన్ను పడింది, ఇంకేముంది, దొరదైపోయింది. అప్పట్నుంచి వాడవాళ్ళు తమ చెలకలోనే వెట్టి చేసి, ఆముదాలు దొర ఉండే గడికి మోశారు.

మరి ఆమెకంత అనుమానం ఊరికే పుట్టిందా? మొగుడు సోమన్న నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. కరువొచ్చిన ఏడు దొర జవాను వాడ ముందు నిలబడి, నవ్వుతూ, "జొన్నలు కావాల్సినోళ్ళు చేతులెత్తుండ్రి" అన్నాడు. కడుపులు మాడుతుంటే ఎత్తక ఏం చేస్తారు? ఎత్తినవాళ్ళనందరినీ పక్కకు నిలబెట్టి, దొర చుట్టాల గడికి రాళ్ళు మోయడానికి దేవరకొండ దిక్కు తోలుకుపోయారు. మండుటెండలు. జొన్నలూ రాలేదు, సోమన్నా రాలేదు. ఆనాటి నుంచి వాడలో ఎవరైనా ఒళ్ళు విరుచుకోవడానికి చెయ్యెత్తినా ఈదమ్మ గుడ్లురిమేది.

అట్లాంటి మనిషి గుడిసె ముందుకొచ్చి, దొరకు ఎదురు తిరిగిన సంఘపు మనిషి ఐలేశం సభకు రమ్మన్నాడు. దొర అప్పటికే పట్నం పారిపోయాడు. ఇక ఊరి సంగతులు ఊరే తేల్చుకుంటుందట.

"ఎర్రచెలక మీకియ్యాల్నా, ఊరి పసులకు బీడు పెట్టాల్నా అని రేపు పొద్దుగాల కళ్ళంల అందరం కూసొని తేల్చుకుందమక్కా. మీ వాడోళ్ళు గూడ రావాలె. మా పక్కన్నే కూసోవాలె" అన్నాడు.

"మీ పక్కన ఎందుకు?"

"ఎందుకేంది? ఊరంటే అందరం గదా."

"గీ మాట ఇన్నొద్దులు ఎవలకూ యాదికి రాకపాయె" అంది ఈదమ్మ.

ఐలేశం నవ్వాడు. పాపం, మంచివాడే, మగ్గం మీద బతికే మనిషి. కానీ ఆమెకు నవ్వుతూ వచ్చేవాళ్ళంటేనే ఎక్కువ అనుమానం. ఆనాడు జవాను కూడా నవ్వుతూనే అడిగాడు మరి.

అయితే ఆశ చావదు కదా. ఆ చెలకలో ఓ చెక్క దక్కితే చాలు, ఇంకొకరి వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడకుండా బతకొచ్చు. సోమన్న ఎప్పుడూ అదే అనేవాడు. పొద్దుగూకేలోగా ఈదమ్మ గుడిసె గుడిసెకూ తిరిగింది. "పోదం, ఇందం. గని చేతులెత్తుమంటె మాత్రం ఎవలూ ఎత్తకుండ్రి. ఎత్తినోళ్ళేమైన్రో ఎరుకే గద" అని చెప్పింది.

తెల్లారి కళ్ళం నిండిపోయింది. వాడవాళ్ళు అలవాటు చొప్పున అందరికీ దూరంగా అంచున కూర్చున్నారు. ఐలేశం దగ్గరికి రమ్మని పిలుస్తూనే ఉన్నాడు, వాళ్ళు కొంచెం జరిగి ఆగిపోయారు. ఊరి పెద్ద రైతు లింగస్వామి పటేలు లేచాడు. తడిగుడ్డతో గొంతు కోసే రకం.

"బీడు ఉంటె అందరి పసులు మేస్తయి. వాడోళ్ళయి గూడ మేస్తయి" అన్నాడు.

"మా పసులట" అని గొణిగింది ఈదమ్మ. వాడ మొత్తం వెతికినా ఓ మేక దొరికితే గొప్ప.

"చెలక వాడోళ్ళకే ఇయ్యాలనేటోళ్ళు చేతులెత్తుండ్రి" అన్నాడు ఐలేశం.

వాడ వాడంతా చేతులు చంకల్లో పెట్టుకుంది. పక్కనున్న తోడికోడలు బిక్షమ్మ చెయ్యి కదలబోతే ఈదమ్మ మణికట్టు దొరకబుచ్చుకుంది. కల్లుగీసే కాటమయ్య, కొందరు గొల్లలు మాత్రం ఎత్తారు. ఐలేశం మళ్ళీ అడిగాడు. వాడ కదల్లేదు. బీడు మాట అడిగేసరికి రైతుల చేతులన్నీ లేచాయి.

"చెలక బీడుకే పాయె" అన్నాడు ఐలేశం.

ఈదమ్మ బాట వైపే చూస్తోంది, ఎత్తినవాళ్ళను తోలుకుపోవడానికి ఎవరొస్తారా అని. ఎవరూ రాలేదు. లింగస్వామి తువ్వాల దులుపుకుని లేచాడు. అప్పుడు తెలిసింది ఆమెకు, ఈసారి పోయింది మనుషులు కాదు, చెలక అని. బిక్షమ్మ మణికట్టు ఇంకా తన చేతిలోనే ఉంది.

"ఆగుండ్రి" అంటూ లేచింది. "ఆనాడు చేతులెత్తితే మనుషుల తోల్కపోయిండ్రు. ఇయ్యాల ఎత్తకపోతె చెలక గుంజుకున్నరు. మరి మా చేతులు మేమేం జేసుకోవాలె, చెప్పుండ్రి."

"అయిపోయిన పంచాయితి మల్ల తోడుతరా? ఎత్తద్దని ఎవలన్నరు?" అన్నాడు లింగస్వామి.

"నేనే అన్న. ఎందుకన్ననో నీకెరుకే. సోమన్నను తోల్కపోంగ నువ్వు ఆడనే నిలవడి చూస్తివి పటేలా."

లింగస్వామి మళ్ళీ కూర్చున్నాడు.

"మల్ల అడగాల్నా వద్దా, గదీ మీరే చెప్పాలె" అన్నాడు ఐలేశం.

"దానికీ చేతులేనా?"

"దానికీ చేతులేనక్కా."

ఈదమ్మ ఇంకోసారి బాట వైపు చూసింది. తర్వాత చెయ్యెత్తింది. వెనక బిక్షమ్మ ఎత్తింది, ఆ వెనక వాడంతా ఎత్తింది. గొల్లలు, గీతగాళ్ళు, రైతుల ఆడవాళ్ళు కొందరు కూడా ఎత్తారు. మళ్ళీ అడిగితే చెలక వాడకే వచ్చింది. అందరూ చేతులు దించారు, ఈదమ్మ తప్ప.

"అయిపోయింది, దించక్కా" అన్నాడు ఐలేశం.

"ఎత్తినోళ్ళను ఏడికీ తోల్కపోరు గదా?"

"ఎవలు తోల్కపోతరక్కా?"

"నువ్వు గాదు. పటేలును చెప్పుమను."

లింగస్వామి నేల చూపులు చూసి, "పోరు" అన్నాడు. అప్పుడు దించింది.

తిరిగి పోయేటప్పుడు ఈదమ్మ అందరికన్నా వెనక నడిచింది. చేతులెత్తిన వాళ్ళంతా తమ తమ గుడిసెల్లోకి పోయేదాకా ఒక్కొక్కరినే చూసుకుంటూ వాడ మొదట్లో నిలబడి, ఆఖరున తాను పోయింది.