తలుపు మీద ‘రేపు రా’

మొన్న ఆదివారం ఆర్వో, అంటే ఇక్కడివాళ్ల మధ్యాహ్నం, క్రెయిగీబర్న్‌లో మా అమ్మాయి ఇంట్లో, యూనిలో చదువుతున్న మా మనవరాలు టీవీలో ఏదో వెతుకుతూ ఒక పాత నలుపు తెలుపు హాలీవుడ్ సినిమా దగ్గర ఆగింది. వానలో తడుస్తున్న పాడు బంగళా, వీలునామా వినడానికి చేరిన చుట్టాలు, వాళ్లు ఒక్కొక్కరే మాయమవడం, పిరికితనాన్ని జోకులతో కప్పుకునే హీరో, పుస్తకాల బీరువా వెనకనుంచి మెల్లగా సాగే గోళ్ల చెయ్యి. ఆ చెయ్యి కనబడగానే నేను కాళ్లు సోఫా మీదికి లాక్కున్నాను. “తాతా, ఇట్స్ నాట్ ఈవెన్ స్కేరీ” అంది మనవరాలు. ఆ చెయ్యి ఒకప్పుడు డార్విన్‌లో మా ఇంటి తలుపు దాకా వచ్చిందని ఆ పిల్లకేం తెలుసు.

అప్పుడు నేను అక్కడ ఇంజనీరును, మా ఆవిడ ఆస్పత్రిలో డాక్టరు, నెలలు నిండిన మనిషి. పురిటికని వాళ్లమ్మ గోదావరి జిల్లా నుంచి వచ్చింది. మా అత్తగారు అల్లుడి ఎదుట కూర్చునే మనిషి కాదు. నేను సోఫాలో, ఆవిడ వంటింటి గుమ్మం వెనక పీట మీద. ఇంగ్లీషు రాదు కనక సినిమాలకు నేనే తెలుగు చెప్పేవాణ్ణి. తెలుగు చెప్పడమంటే, సినిమా వాళ్లు పిసినారితనంతో వదిలేసినవన్నీ నేను ధారాళంగా చేర్చేవాణ్ణన్నమాట. ఈ సినిమా అప్పటికే ఒకసారి చూశాను. ఆ చెయ్యి ముసుగేసుకున్న మనిషిదని తెలుసు. తెలిసీ దాన్ని నూతిలో దూకి చచ్చిన పెద్దకోడలి చెయ్యిగా మార్చాను. ఆవిడ ఇంటింటికీ వెళ్లి పేరుపెట్టి పిలుస్తుందనీ, పలికినవాళ్లు తెల్లారేసరికి ఉండరనీ చెప్పాను. గుమ్మం వెనకనుంచి “రామ రామ” అని వినబడితే నాకు ఎక్కడలేని హుషారూ వచ్చేది.

ఆ రోజు పొద్దున్నే రేడియోలో తుఫాను హెచ్చరిక. మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి భోజనానికి రావలసిన మా ఆవిడ రాలేదు. ఫోను చచ్చిపోయింది. భోజనాల వేళ దాటేసరికే ఆకాశం మసిగుడ్డలా అయిపోయింది. అత్తగారి మనసు మళ్లించడానికి సినిమా పెట్టానని ఇన్నేళ్లూ చెబుతూ వచ్చాను. ఆవిడ మనసు నిబ్బరంగానే ఉంది, మళ్లించుకోవలసింది నాదే. సరిగ్గా ముసుగు తొలగబోయే సమయానికి కరెంటు పోయింది. అంటే ఆవిడ లెక్కలో పెద్దకోడలు ఇంకా దొరకలేదు.

ఆవిడ లేచి, ముగ్గుకని దాచుకున్న సుద్దముక్క తీసి, వీధి తలుపు బయటివైపు ‘రేపు రా’ అని రాసింది. దయ్యం అది చదువుకుని వెనక్కి పోతుంది, మర్నాడొచ్చి మళ్లీ అదే చదువుకుంటుంది. నేను ఊరుకోవచ్చు కదా. “ఇక్కడి దయ్యాలకు తెలుగెక్కడొస్తుంది అత్తయ్యగారూ?” అన్నాను. ఆవిడ సుద్దముక్క గుమ్మం మీద పెట్టి, “అయితే ఇంగ్లీషులో మీరు రాయండి బాబూ” అంది. దాని కింద పెద్ద పెద్ద అక్షరాలతో ‘కమ్ టుమారో’ అని ఇంగ్లీషులో రాసి గడియ వేశాను.

ఆ తర్వాత గాలి మొదలైంది. ఇళ్ల కప్పులు అప్పడాల్లా ఎగిరాయి. మా కిటికీ ముందునుంచి ఒక మామిడిచెట్టు వేళ్లతో సహా వెళ్లిపోయింది. సరే, చెట్టు కాదు, కొమ్మ. కానీ మా ఆవిడ వచ్చే దారిలో వాగు ఉన్న మాట నిజం, అది పొంగుతుందన్న మాట నిజం.

డార్విన్‌లో మా ఇల్లు స్తంభాల మీద ఎత్తుగా ఉండేది. చెక్క మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడు. బరువైన అడుగులు, మా ఆవిడవి కావు. తలుపు దడదడలాడింది. బొంగురు మగగొంతు ఒకటి నా పేరును సగానికి కొరికి పిలిచింది. లేవబోయాను. ఎన్నడూ నా ఎదుటికి రాని మా అత్తగారు గుమ్మం దాటి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

“మూడోసారి పిలిస్తేనే మనిషి బాబూ. దయ్యమైతే రెండుసార్లే పిలుస్తుంది.”

రెండో పిలుపు వచ్చింది. ఆ తర్వాత వాన చప్పుడే. అడుగులు మెట్లు దిగిపోతున్నాయి. వచ్చింది మనిషేనని నాకు తెలుసు. ఆవిడ పట్టు విడిపించుకోలేనంత గట్టిదీ కాదు. కానీ ఇలాంటి వానలో మనిషి వచ్చాడంటే కబురు తెచ్చి ఉంటాడు. తలుపు తీస్తే అది వినాలి. తియ్యనంత సేపూ మా ఆవిడ క్షేమమే.

అప్పుడు కిందినుంచి కారు హారను. ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా.

“మూడోది” అంది మా అత్తగారు. గడియ తీసి, చెప్పుల్లేకుండా, చెంగు తలమీదికి లాక్కుని వానలోకి దిగిపోయింది. పంచె ఎగగట్టి ఆ బండి వెంట అరమైలు పరిగెత్తానని నేను డార్విన్ తెలుగువాళ్లందరికీ చెప్పాను. ఇది రాస్తుంటే భుజం మీదుగా చదివిన మా ఆవిడ, “మీరు పైమెట్టు మీద కూలబడ్డారు” అంటోంది. సరే, కూలబడ్డాను.

మా ఆవిడ కారు వాగు నీళ్లలో ఆగిపోతే, వెనకవీధి ఆసామి ఆవిడను తన యూట్‌లో, అంటే వెనక సామాన్ల తొట్టి ఉన్న బండిలో, ఎక్కించుకొచ్చాడు. ఆవిడ మెట్లెక్కలేదని తనే పైకొచ్చి పిలిచాడు. తలుపు మీది రాత చదివి, మేము తుఫాను షెల్టరుకు పోయామనుకుని, అక్కడికే తీసుకెళతానని చెప్పాడట. దానిపైన గుండ్రటి అక్షరాలతో ఇంకేదో రాత కూడా ఉందని విన్న మా ఆవిడ, అది వాళ్లమ్మ పనేననీ మేము లోపలే ఉన్నామనీ గ్రహించి హారను మీద వాలిపోయింది. నడుము దాకా తడిసి వణుకుతున్న కూతుర్ని పొదివి పట్టుకుని పైకి తెచ్చాక మా అత్తగారు అన్న మొదటి మాట, “కాళ్లు కడుక్కుని లోపలికి రా.”

ఆ ఆసామి తలుపు మీది రాత ఏమిటని అడిగితే, అతిథులను గౌరవించే మా పాత సంప్రదాయమని చెప్పాను. తర్వాత ఎక్కడ ఎదురుపడ్డా “కమ్ టుమారో, మేట్” అని చెయ్యి ఊపేవాడు.

ఆ కడుపులోని పిల్లే ఈ మనవరాలి తల్లి. దాని పాపిట్లోనూ ఇప్పుడు తెల్ల వెంట్రుకలు. అప్పట్లో పురుడయ్యాక తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో మా అత్తగారు, పక్కకు తిరిగి నిలబడే, “ఇంతకీ ఆ చెయ్యి ఎవరిది బాబూ?” అని అడిగింది. ముసుగు మనిషి కథ చెబితే నా పెద్దకోడలి కథ పోతుందని, “రేపు ఫోన్‌లో చెబుతాను అత్తయ్యగారూ” అన్నాను. చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే వినడానికి ఆవిడ లేదు. ‘రేపు రా’ అంటే దయ్యాలు నమ్మి వెనక్కి పోతాయేమో గానీ, కాలానికి తెలుగూ చదవడం రాదు, ఇంగ్లీషూ చదవడం రాదు.