కాగిన ద్రాక్ష వాసన

మస్కట్‌లో నేను వంట చేసిన ఇంటాయన ఇటలీ దేశస్థుడు. అరవై దాటిన ఒంటరి మనిషి. హోటళ్ళకి వైన్ సరఫరా చేసే కంపెనీలో రుచి చూసి సరుకు ఎంచడం ఆయన డ్యూటీ. నన్ను సిన్యోరా అని పిలిచేవాడు. వాళ్ళ భాషలో అమ్మగారు అని అర్థమట. పనిమనిషిని అమ్మగారూ అన్నవాడు నా జన్మలో ఆయనొక్కడే.

ఆయనకి వాసన తెలియడం లేదని నాకు పాల వల్ల తెలిసింది. స్నానాలగదిలో జారిపడి, తల వెనక దెబ్బకి కుట్లు వేయించుకుని ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో వారం అది. పాలు పొయ్యి మీద పెట్టి, మేడ మీద ఆరేసిన బట్టలు తియ్యడానికి వెళ్ళాను. దిగి వచ్చేసరికి గిన్నె నల్లగా మాడిపోయి ఇల్లంతా కమురు కంపు. ఆయన పొయ్యికి నాలుగడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. నేను పరుగెత్తుకెళ్ళి కిటికీలు తెరిచాను. ఆయన నా మొహం చూసి, పొయ్యి వంక చూసి, పేపరు మడిచాడు.

"కంపెనీకి తెలిస్తే నన్ను పంపేస్తారు సిన్యోరా."

ఆయన్ని పంపేస్తే నేనూ పోవాలి. నా వీసా ఆయన పేరు మీదే ఉంది. ఇంటి దగ్గర మా ఆయనకి పక్షవాతం. లేపి నడిపించే మనిషికీ మందులకీ నా జీతమే ఆధారం. నలభై ఏడేళ్ళదానికి మళ్ళీ వీసా ఎవరిస్తారు? అందుకే ఆయన అడగగానే ఒప్పుకున్నాను. ఆయన బదులు నేను వాసన చూడాలి, నాలుక మీద వేసుకోవాలి, ఉమ్మెయ్యాలి. వాసన తెలియకపోతే వైన్ రుచీ తెలీదట.

మాది బాప్తిస్టు కుటుంబం. మద్యం ముట్టనని చర్చిలో సంఘం ముందు నిలబడి చెప్పినదాన్ని. మస్కట్‌లోనే బౌషర్ అనే పేటలో నర్సుగా చేస్తున్న మా పెద్దమ్మ కూతురే నన్ను ఈ ఇంట్లో పెట్టించింది. తనకి మాత్రం చెప్పాను.

"ఉమ్మేస్తే తాగినట్టు కాదులే," అంది అక్క. "చర్చి అయ్యగారి ముందు మాత్రం నోరు తెరవకు. వాసన వస్తుందని కాదు, నీ కడుపులో ఏ మాటా ఆగదు."

తన ఊరు వెళ్ళి వచ్చినప్పుడు పెట్టెలో బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్న సీసాలు రెండుంటే, అందులో ఒకటి తెరిచి ఆయన నాకు నేర్పాడు. వాళ్ళ ఊరి వైనే అది. మంచుకొండల దిగువన చిన్న కొండలట. ఒకప్పుడు వాలు నిండా ద్రాక్షతీగలేనట. తెగులు వచ్చి, వడగళ్ళు పడి, జనం కింద ఊళ్ళలో బట్టల మిల్లులకి పోతే, తీగల్ని అడవి మింగేసిందట. ఇప్పుడు మనవలు చెట్లు కొట్టి, పడిపోయిన రాతి గట్లు ఎత్తి, మళ్ళీ నాటుతున్నారు. "మా వైన్ పేరు ఎవరికీ తెలీదు. ఇక్కడ ఒక్క పెద్ద హోటల్ తీసుకుంటే చాలు," అనేవాడు.

నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని ఏ వాసన తగిలితే ఆ వస్తువు వంటింట్లోంచి తెచ్చి ఆయన ముందు పెట్టేదాన్ని. కమలా తొక్క. ఇనప మూకుడు. ఇంటి నుంచి తెచ్చుకున్న వాక్కాయ పచ్చడి. అక్కడి కొట్లో దొరికే ఎండు గులాబీ రేకులు. పచ్చి వక్క కొరికినట్టు నోరంతా వగరు పట్టేది, దానికి అరటికాయ చెక్కు పెట్టేదాన్ని. ఆయన ఒక్కొక్కటీ చూసి, కళ్ళు మూసుకుని, తర్వాత రాసుకునేవాడు. ముక్కు పోయింది గానీ జ్ఞాపకం పోలేదు. నాలుగు నెలలు అలా నెట్టుకొచ్చాం.

మే నెలలో వాళ్ళ ఊరి సరుకు ఓడ మీద వచ్చింది. కాగితాలు కుదరక రెండు వారాలు రేవులో ఇనప పెట్టెలో ఎండకి నిలబడిపోయింది. శుక్రవారం సాయంత్రం హోటల్‌లో రుచి చూపించాలి. గురువారం మధ్యాహ్నం ఆయన ఆరు సీసాలు తెరిచాడు.

మొదటి గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే నాకు తెలిసిపోయింది. మా సంఘంలో బల్ల ఆరాధనప్పుడు ప్రభువు రక్తానికి గుర్తుగా తాగే ద్రాక్షరసం కాచేది నేనే. నల్లద్రాక్ష చక్కెర వేసి ఉడికిస్తే వచ్చే వాసన అది. వైన్ సీసాలోనే ఉడికిపోయింది. ఆరూ అంతే.

వంటింట్లోకి వెళ్ళాను. ఆయన మొదట నాకు నేర్పిన మంచి సీసాలో తగిలిన కమలా తొక్క, గులాబీ రేకులు, మూకుడే మళ్ళీ తెచ్చి పెట్టాను.

"అన్నీ ఉన్నాయా?"

"అన్నీ ఉన్నాయి సార్."

ఆయన వెంటనే ఊరికి ఫోన్ చేశాడు. చాలాసేపు నవ్వుతూ మాట్లాడాడు.

మర్నాడు శుక్రవారం, అక్కడ సెలవు రోజు కాబట్టి మా ఆరాధనా ఆ రోజే. పొద్దున్నే రసం కాచి, గిన్నె కడగకుండానే పరుగెత్తాను. రసం పంచేముందు అయ్యగారు, తప్పు చేసినవాళ్ళు ముట్టకుండా ఎవరిని వాళ్ళు పరీక్షించుకోమన్నారు. చిన్న కప్పు చేతిలోకి తీసుకున్నాను. అదే వాసన. తాగలేక మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను.

బయటికి రాగానే అక్క చెయ్యి పట్టుకుంది. "బల్ల ఎందుకు వదిలేశావే? అందరూ చూశారు."

"వైన్ పాడైపోయిందక్కా. బాగుందని చెప్పాను."

"చెప్పేశావుగా, ఊరుకో. హోటలోళ్ళకి మాత్రం ఏం తెలుస్తుంది?"

"వాళ్ళ పనే అది కదక్కా. నలుగురిలో ఆయన పరువు పోతుంది."

"మరి మా మరిదిగారిని ఎవరు చూస్తారు?"

అక్క చెయ్యి విడిపించుకున్నాను. టాక్సీ ఎక్కాను.

ఇంటికి వచ్చేసరికి ఆయన హోటల్‌కి వెళ్ళడానికి బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నాడు. అడుగున ద్రాక్ష తొక్కలు అంటుకుని ఉన్న, పొద్దున రసం కాచిన గిన్నె తెచ్చి సీసాల పక్కన పెట్టాను. ఆయన బ్రష్ కింద పెట్టి దాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"ఆరూనా?"

"ఆరూ సార్."

"నిన్ననే తెలుసా?"

"తెలుసు సార్. మీరు పోతే నేనూ పోవాలని భయపడ్డాను."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. హోటల్‌కి ఫోన్ చేసి సరుకు పాడైందన్నాడు. గురువారమే ఎందుకు తెలుసుకోలేదని కంపెనీ అడిగితే, ముక్కు సంగతి చెప్పేశాడు. నా మాట మాత్రం ఎత్తలేదు. ఆయనకి నెల గడువిచ్చి పొమ్మన్నారు.

నేను ఇంకో ఇంట్లో చేరడానికి అభ్యంతరం లేదని కాగితం మీద సంతకం పెట్టిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని అక్కా నేనూ బౌషర్ అంతా తిరిగాం. ఒక మేడమ్ నన్ను పైనుంచి కిందికి చూసి, "మా అత్తగారు ఈమె కన్నా చిన్నగా కనిపిస్తుంది," అంది. అక్క కూడా నవ్వింది, ఏం చేస్తుంది పాపం. నెల గడిచింది. ఇల్లు దొరకలేదు.

నా టికెట్ ఆదివారం, ఆయనది సోమవారం. శనివారం మధ్యాహ్నం ఆయన ఊరి నుంచి పెట్టెలో తెచ్చుకున్నవాటిలో మిగిలిన రెండో సీసా తెరిచి రెండు గ్లాసుల్లో పోశాడు. తనది తాగాడు. నీళ్ళు తాగినట్టే తాగాడు.

"చెప్పు సిన్యోరా."

వాసన చూసి, అలవాటు కొద్దీ వంటింట్లోకి వెళ్ళాను. అరలు ఖాళీ. మూకుడు కూడా నా పెట్టెలోకి వెళ్ళిపోయింది. వట్టి చేతులతో వచ్చి కూర్చున్నాను. ఉమ్మడానికి గిన్నె కూడా లేదు. మింగేశాను.

"అన్నీ ఉన్నాయి సార్," అన్నాను.

ఈసారి అది నిజమే. ఆయన నమ్మాలో వద్దో తెలియక నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.